కోబే నుంచి వచ్చిన ఫోన్

పోయిన శుక్రవారం పొద్దున మా అమ్మాయి మాధవి తన ఫోన్‌లో ఒక ఊరిని తెరిచి నా ముందర పెట్టింది. "మా, నువ్వెప్పుడూ చెప్తావే కోబే కోబే అని, ఇదేనేమో చూడు" అంది. పైన ఎగిరే గద్దకు కనపడినట్టు కనపడుతోంది ఊరు. కళ్ళద్దాలు తుడుచుకుని చూశాను. పైన పచ్చగా కొండలు, కింద నీలంగా సముద్రం, రెండిటి నడుమ ఇరుకుగా, పొడుగ్గా, చీర అంచు పరిచినట్టు ఇళ్ళు. ఇదే అన్నాను. తర్వాత నా వేలు దానంతట అదే కదిలింది. ఇదిగో ఈ కొండవాలులో పరదేశీ వ్యాపారులు కట్టుకున్న పాత మిద్దెలు. వాటికి కాస్త కింద మసీదు, జపాన్ దేశం మొత్తానికి మొదటి మసీదు. ఇంకా దిగితే రైలు స్టేషన్లు, అవి దాటితే చీనావాళ్ళ అంగళ్ళ వీధి, ఆ తర్వాత రేవు. రేవులో ఎర్ర స్తంభం ఒకటి ఉండాల, నడుము సన్నగా, డమరుకం నిలబెట్టినట్టు. కుడి పక్కకు పోతే బియ్యంతో సారా కాచే వాళ్ళ పేట. కొండల్లోంచి దిగే నీళ్ళు సారాకు మంచివని పేరు. ఎడమ పక్కకు పోతే నగతా, రబ్బరు చెప్పులు చేసేవాళ్ళ పేట. నీళ్ళలో పలకలాగా కనపడే ఈ దీవి దేవుడు చేసింది కాదు. ఊరికి చోటు చాలక, కొండను తవ్వి ఆ మన్ను తెచ్చి సముద్రంలో పోసి మనుషులే చేసుకున్నారు.

మాధవి నా వేలు వంక, నా మొహం వంక మార్చి మార్చి చూసింది. "నువ్వు ఎప్పుడు పోయినావు మా, ఈడికి?"

"నేను యాడ పోయినానే. రాయచోటి, మద్రాసు ఎయిర్‌పోర్టు, ఒమాన్. నేను చూసింది ఇంతే గదా."

మాధవి ఇక్కడ ఒమాన్‌లోనే, అల్ హైల్‌లో ఒక క్లినిక్‌లో నర్సు. నన్ను విజిట్ వీసా మీద మూడు నెలలకు పిలిపించుకుంది. దాని ఇంటి కింద టైర్ల అంగడి, పక్కన కార్ల వర్క్‌షాపులు, వాటి వెనక లేబర్ రూములు. సాయంత్రమైతే కరీంనగర్ పక్క పిల్లలు ఆ రూముల ముందర కూర్చుని ఫోన్లలో ఇంటోళ్ళతో మాట్లాడుకుంటారు. ఒకడు కెమెరాలో బిడ్డకు ముద్దు పెడతాడు, ఇంకొకడు ఇంటి గోడకు ఏ రంగు వెయ్యాలో ఇక్కడినుంచే చెప్తాడు. పైనుంచి వాళ్ళను చూస్తుంటే నాకు కుళ్ళు పుడుతుంది. మా కాలంలో ఉత్తరం పోవడానికి ఇరవై రోజులు, జవాబు రావడానికి ఇంకో ఇరవై. మాధవికి అమ్మవారు పోసిన సంగతి నాకు తెలిసేటప్పటికి దానికి మచ్చలు కూడా మానిపోయినాయి.

మా పక్క గల్ఫ్‌లో ఏ దేశం పోయినా కువైట్ పోయిందనే అంటారు. నేనూ అట్లానే ఇరవై నాలుగేళ్ళకు 'కువైట్' పోయి ఒమాన్‌లో దిగాను. మా ఆయన లారీ మీదినుంచి పడి నడుము విరిగి మంచానికి అంటుకున్నాడు. మాధవికి అప్పుడు మూడేళ్ళు. దాన్ని మా అమ్మ చంకలో పెట్టి, తిరిగి చూడకుండా బస్సెక్కాను. నన్ను ఖబూరా అనే ఊళ్ళో ఒక ఇంటికి పంపారు. సముద్రం ఇంటి మేడ మీదికి కనపడేది. ఇంకో పక్క దూరంగా బూడిద రంగు కొండలు. నడుమ ఖర్జూరం తోటలు, నిమ్మ తోటలు. ఇంటి పెద్దను బాబా అనాలి, ఇంటావిడను మామా అనాలి అన్నారు. ఆడమనిషిని మామా అనడానికి నాకు నవ్వొచ్చి నోరు తిరగలేదు. మేడమ్ అన్నాను, ఆమె కూడా సరే అంది. తెల్లగా, సన్నగా, యాభై ఏళ్ళ మనిషి. ఒమానీ ఆడవాళ్ళ లాగానే పువ్వుల గౌను, తలకు గుడ్డ. కళ్ళు మాత్రం వేరే. మూడో రోజో నాలుగో రోజో తెలిసింది ఆమె జపాన్ మనిషని. పెళ్ళయినాక పేరు మరియం. పుట్టినప్పటి పేరు హరుకో.

బాబా వయసులో ఉన్నప్పుడు సరుకుల ఓడ మీద కోబే పోయేవాడంట. శుక్రవారం మసీదుకు పోవాలని కొండవాలు ఎక్కీ దిగీ చెప్పులు తెగిపోతే, నగతాలో ఒక ముసలాయన దగ్గర కొత్తవి కొనబోయాడంట. ఆ ముసలాయన కూతురు హరుకో. తండ్రి ఏడేళ్ళు కూతురితో మాట్లాడలేదు. తర్వాత మెత్తబడ్డాడు. నేను ఆ ఇంటికి వచ్చేనాటికి ప్రతి శుక్రవారం పొద్దున ఆయన ఫోన్ చేసేవాడు. సముద్రం ఆవలినుంచి కేకేస్తున్నాననుకునేవాడేమో, రిసీవర్ చెవికి దూరంగా పెట్టుకోవాల్సి వచ్చేది. నేను ఎత్తితే "హరుకో?" అని ఒకటే అరుపు. నేను "చొత్తో మత్తె" అనేదాన్ని. కాస్త ఆగండి అని. ఆ మాట, నాన్నకు వాళ్ళు చెప్పే 'ఒతోసాన్' అనే మాట, ఇంకా పదో పన్నెండో, అదీ నాకు వచ్చిన జపనీసు.

ఆ ఇంట్లో పని పొద్దున పిండి పిసకడంతో మొదలు. వేడి పెనం మీద కాగితంలాంటి రొట్టె పూసి తియ్యాలి. తర్వాత అత్తమ్మకు స్నానం. మేడమ్ అత్తగారు మంచం మీదే ఉండేది. ఆమెను ఎత్తాలంటే ఇద్దరం కావాలి. తర్వాత నిమ్మకాయలు. ఉప్పునీళ్ళలో ఉడకబెట్టి మేడ మీద ఎండేస్తే వారానికి నల్లబడి గుల్లలయ్యేవి. ఇల్లంతా ఆ పులుపూ చేదూ కలిసిన వాసన. పక్కనే ఎండిన చేప వాసన. సాయంత్రం బట్టలకు సాంబ్రాణి పొగ. ఈ మూడు వాసనలూ ఇప్పుడు అల్ హైల్‌లో ఎక్కడా తగలవు. మాధవి ఇంట్లో గోడకు గుచ్చిన సీసాలోంచి మల్లెపూల వాసన వస్తుంది, మల్లెపూలు లేకుండానే.

కోబేని నేను నేర్చుకున్నది ఆ పిండి పీట మీద. మేడమ్‌కు చెప్పుకోడానికి ఇంకెవరున్నారు? బాబా సగం ఏడాది జాంజిబార్‌లో లవంగాల వ్యాపారం మీద ఉండేవాడు. కొడుకు సలీంకు పన్నెండేళ్ళు, వాడికి ఫుట్‌బాల్ తప్ప ఇంకేదీ పట్టేది కాదు. అరబీ కొంత, హిందీ కొంత కలిపి నాకు చెప్పేది. పీట మీద పొడిపిండి చల్లి, పైన గీత గీసి కొండలు అనేది, కింద గీత గీసి సముద్రం అనేది. "మా ఊళ్ళో ఎవరూ తూర్పు, పడమర అనరు రెడ్డెమా. కొండవైపు, సముద్రం వైపు. అంతే. అంగడికి దోవ అడిగినా అట్లానే చెప్తారు. కళ్ళు మూసుకున్నా తప్పిపోరు." ఖబూరాలో కూడా ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం. అందుకే ఇంట్లో కూడా ఆమె అట్లానే మాట్లాడేది. "కొండవైపు గదిలో చాప తే. సముద్రం వైపు కిటికీ మూయి." కొన్నాళ్ళకు నాకూ అదే అలవాటైంది.

వాళ్ళ నాయన ఇల్లు కట్టెతో కట్టింది, పైన బరువైన పెంకులు. కింద అరుగు లాంటి చోట చెప్పుల పని, మీద కాపురం. వీధి వీధంతా రబ్బరు, జిగురు వాసనంట. పక్కింట్లో హమాదా అని చెప్పుల అట్టలు కోసేవాడు. రెండిళ్ళకూ నడుమ మనిషి పట్టేంత సందు. ముసలాయన పొద్దున్నే లేచి పేటలో ఉన్న వేడినీళ్ళ స్నానాలింటికి పోయి, వచ్చి, హమాదాతో కూర్చుని టీ తాగి, అప్పుడు పనికి కూర్చునేవాడంట. పెళ్ళాం పోయిన తర్వాత ఈ పద్ధతి ఒక్క రోజు తప్పలేదు. "మా నాన్నను హమాదా చూసుకుంటాడు, అందుకే నేను ఇక్కడ తిండి తినగలుగుతున్నా" అని మేడమ్ నాతో ఎన్నిసార్లు అనిందో. నాకు మా అమ్మ గుర్తొచ్చేది. నా మాధవిని చూసుకునేది ఆమే కదా. మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని, ఇంకెవరో చేసే మేలు మీద బతుకుతున్న ఆడవాళ్ళం.

ఆ పొద్దు చలికాలం. నేను పిండి పిసుకుతున్నాను. మజ్లిస్‌లో, అంటే వచ్చినవాళ్ళను కూర్చోబెట్టే ముందరి గదిలో, రేడియో మోగుతోంది. మేడమ్ చప్పుడు లేదు. ఎంతసేపటికీ రాకపోతే పోయి చూశాను. రేడియో ముందర నేల మీద కూర్చుని ఉంది. "కోబే" అంది నన్ను చూసి. "భూమి కదిలిందంట."

టీవీ పెట్టాం. నేను పిండి పీట మీద చూసిన ఊరు అదే మొదటిసారి నిజంగా చూడటం. స్తంభాల మీద కట్టిన పెద్ద రోడ్డు పొడుగునా పక్కకు ఒరిగి పడుకుని ఉంది. రైలు పట్టాలు గాల్లో వేలాడుతున్నాయి. ఎక్కడో పొగ, మబ్బులాగా. మేడమ్ మోకాళ్ళ మీద పాకుతూ టీవీ దగ్గరికి పోయి ఆ పొగ మీద చెయ్యి పెట్టింది. "నగతా. ఇది నగతా" అంది. కొండను బట్టి గుర్తుపట్టిందంట.

ఆ రోజంతా ఫోన్ తిప్పాం. కుయ్ కుయ్ మనే శబ్దం తప్ప ఇంకేమీ లేదు. మేడమ్ వేలు వాచి, పెన్సిల్‌తో తిప్పింది. తర్వాత నేను తిప్పాను. ఆ నంబరు నాకు ఇప్పటికీ నోటికి వస్తుంది, మా ఊరి పిన్‌కోడ్ రాదు గానీ. రెండో రోజు బాబా జాంజిబార్ నుంచి చేశాడు. "టికెట్ చూస్తున్నాను, బయలుదేరి వస్తున్నాను, నువ్వు పాస్‌పోర్టు తీసి పెట్టుకో, నిన్ను పంపిస్తా" అన్నాడంట. మేడమ్ సంచీలో రెండు జతల బట్టలు పెట్టుకుని ఫోన్ పక్కనే కూర్చుంది. కూడు లేదు, నిద్ర లేదు. నేను సంగటి ముద్దలాగా అన్నం కలిపి నోటి దగ్గర పెడితే, చిన్నపిల్ల లాగా రెండు ముద్దలు మింగి తల తిప్పుకుంది. ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. ఇంకొకరి ఊరు కాలుతుంటే, ఆ ఊరు ఎటుందో కూడా తెలియని మనిషి ఏం చేస్తుంది? నిమ్మకాయలు ఎండలోకి మార్చాను. అత్తమ్మ కాళ్ళు పట్టాను. ఇల్లు రెండుసార్లు ఊడ్చాను.

మూడో రోజు పొద్దెక్కినాక అత్తమ్మ పక్క తడుపుకుని, మరియమే రావాలని ఏడుస్తోంది. ఆమెను కడగాలి. "సలీంను సాయం పెట్టుకుని నేను కడుగుతా, నువ్వు ఫోన్ దగ్గర కూర్చో. మోగిన వెంటనే కేకెయ్" అని మేడమ్ పోయింది. స్నానాల గది వాకిలి అవతల, పెరట్లో ఉంది. ఆమె అటు పోయి పావుగంట కాలేదు, ఫోన్ మోగింది.

ఎత్తాను. మగ గొంతు. ముసలాయనది కాదు. "హరుకో-సాన్?" అన్నాడు. "చొత్తో మత్తె, చొత్తో మత్తె!" అని అరిచాను. ఆయన ఆగలేదు. ఆయన వెనక చాలామంది గొంతులు. వీధిలో ఉన్న ఫోన్ దగ్గర జనం వరుసలో నిలబడి ఉంటే, ఒక్కొక్కరూ గక్కన మాట్లాడి తప్పుకోవాల్సి వచ్చేదని తర్వాత తెలిసింది. ఆయన ఊపిరి తిప్పుకోకుండా చెప్పుకుపోయాడు. నాకు అందులో మూడే మాటలు చిక్కినాయి. ఒకటి ఒతోసాన్; అది తెలిసిన మాట. రెండోది గక్కో, మా పక్క గక్కన అంటాం కదా, దానిలాగా ఉందని చెవిలో నిలిచింది. మూడోది 'నాకు'. అచ్చం మన తెలుగు 'నాకు'. అంత పరాయి మాటల మధ్య అది వినపడేసరికి ఒళ్ళు ఝల్లుమంది. రిసీవర్ పక్కన పెట్టి వాకిట్లోకి పరిగెత్తి కేకేశాను. మేడమ్ సబ్బు చేతులతో, తడి గౌనుతో పరిగెత్తుకొచ్చింది. అప్పటికి కుయ్ మంటోంది.

"ఎవరు? ఎవరు చేశారు?"

"తెలీదు మేడమ్. మగాయన. హరుకో-సాన్ అన్నాడు."

"హమాదా. హమాదా అయ్యుంటాడు. ఏమన్నాడు?"

"ఒతోసాన్ అన్నాడు. గక్కో అన్నాడు."

"గక్కో!" అని నా రెండు భుజాలూ పట్టుకుంది. గక్కో అంటే బడి. "బడిలో ఉన్నాడు. ఇళ్ళు పోయినవాళ్ళను బళ్ళలో పెట్టినారని టీవీలో చెప్పారు కదా. బడిలో ఉన్నాడు! ఆ తర్వాత ఏమన్నాడు? ఇకితే అన్నాడా? ఇకితే ఇమస్ అంటే బతికి ఉన్నాడని. లేకపోతే..." నన్ను పట్టి ఊపింది. "లేకపోతే నకునరిమష్త అన్నాడా? పోయాడని. చెప్పు రెడ్డెమా, ఏది? ఇకితే అన్నాడా? నకునరి అన్నాడా?"

నకునరి. ఆ మొదటి రెండక్షరాలు ఆమె నోట్లోంచి రాగానే నాకు తెలిసిపోయింది. నేను విన్నది 'నాకు' కాదు.

ఆమె వేళ్ళు నా భుజాల్లో దిగబడి ఉన్నాయి. సబ్బు నురగ నా రవికె మీదికి కారుతోంది. "ఇకితే, కదా? ఇకితే అన్నాడు కదా?" అని ఆమే అడుగుతోంది, ఆమే తల ఊపుతోంది. మా ఊళ్ళో చావు కబురు తెచ్చినవాడిని గడప లోపలికి రానియ్యరు, నీళ్ళు కూడా బయటే ఇస్తారు. అదే గుర్తొచ్చిందో, భయపడినానో, జాలిపడినానో, ఇన్నేళ్ళు ఆలోచించినా నాకు తేలలేదు. నా నోట్లోంచి వచ్చింది మాత్రం "ఇకితే".

ఆమె నేల మీద కూలబడి ఏడ్చింది, నవ్వింది, నా చేతులు కళ్ళకు అద్దుకుంది. ఆ సాయంత్రం బాబా మళ్ళీ ఫోన్ చేస్తే, తొందర లేదు అని చెప్పేసింది. "నాన్న బడిలో బతికే ఉన్నాడు, హమాదా చెప్పాడు. అక్కడ రోడ్లు లేవు, రైళ్ళు లేవు, ఇక్కడ మీ అమ్మను ఎవరు ఎత్తుతారు? నెలాఖరుకు ఇద్దరం పోయి నాన్నను ఇక్కడికే తెచ్చుకుందాం." నేను వంటగదిలో నిలబడి ఇదంతా విన్నాను. ఆ హమాదా మళ్ళీ ఫోన్ చేస్తాడు, ఈసారి మేడమే ఎత్తుతుంది, నా అబద్ధం పొరపాటుగా పోతుంది అనుకున్నాను. ఫోన్ మోగలేదు.

నాలుగు రోజులు మోగలేదు. ఆ నాలుగు రోజుల్లో సముద్రం వైపు గదిని ముసలాయన కోసం సిద్ధం చేయించింది. నాతోనే. మంచం వద్దు, నేల మీద పరుపు అంది, వాళ్ళకు అదే అలవాటంట. చలిగాలి రాకుండా కిటికీకి మందం పరదా కుట్టింది. "పొద్దున ఆయనకు వేడినీళ్ళు కావాలి రెడ్డెమా, నువ్వు కాచిపెట్టాలి. రొట్టె పట్టదు, గంజి కావాలి. నీకు గంజి కాచడం వచ్చు కదా?" వచ్చు అన్నాను. ఆయనకు ఖబూరాలో పొద్దెట్లా పోతుంది అని తనే అడిగి, తనే జవాబు చెప్పుకునేది. చేపలవాళ్ళ దగ్గర కూర్చుంటాడులే అనేది. నేను గోడలు కడిగాను, నేల తుడిచాను, పరుపు దులిపాను. ఒక్కో పనికి ముందర, ఇప్పుడు చెప్పేస్తా అనుకునేదాన్ని. చెప్తే నన్ను వెంటనే పంపించేస్తారు, ఇంటి దగ్గర మా ఆయన మందులు, బిడ్డ పాలు ఆగిపోతాయి. చెప్పకపోతే రోజు రోజుకూ పెద్దదవుతుంది. మొదటి గంటలో చెప్పి ఉంటే పొరపాటు. రెండో రోజుకు నేరం. నాలుగో రోజుకు ఇక నోరు తెరవడం నా చేతుల్లో లేకుండా పోయింది.

ఎనిమిదో రోజున ఒసాకా నుంచి మేడమ్ పినతండ్రి కూతురు ఫోన్ చేసింది. మేడమ్ నవ్వుతూ ఎత్తింది. చాలాసేపు విని, రిసీవర్ మెల్లగా పెట్టేసి, సముద్రం వైపు గదిలోకి పోయి తలుపేసుకుంది. ఇల్లు కూలినప్పుడే ముసలాయన పెంకుల కింద పోయాడు. హమాదా తన చేతులతో మన్ను తవ్వి బయటికి తీసి, మంటలు రాకముందే మోసుకుపోయాడు. బడిలో ఆటల గదిలో చనిపోయినవాళ్ళను వరసగా పడుకోబెట్టారు, అక్కడ ఉంచాడు. మూడో రోజు గంటలకొద్దీ వరుసలో నిలబడి ఫోన్ చేశాడు. మీ అక్కకు చెప్పాను, వస్తుంది అని ఒసాకా వాళ్ళతో అన్నాడంట. రెండు రోజులు ఆమె కోసం ఆగారు. ఊళ్ళో దహనాలకు వంతు దొరక్క, వేరే ఊళ్ళో వంతు వస్తే వదులుకోలేక కాల్చేశారు. వాళ్ళలో దహనమయ్యాక ఎముకలను అయినవాళ్ళే పుల్లలతో ఏరి కుండలో పెట్టాలి. కూతురు చెయ్యాల్సిన ఆ పని హమాదా చేశాడు.

బాబా వచ్చినాక మేడమ్ గట్టిగా మాట్లాడటం విన్నాను. "హమాదా కజ్జాబ్" అంది. అబద్ధాలకోరు అని. బాబా ఏదో సర్దిచెప్పబోయాడు. పిల్ల సరిగ్గా విందో లేదో అన్నట్టున్నాడు. "ఆ పిల్లకు మా భాషే రాదు" అంది మేడమ్. "అబద్ధం చెప్పడానికి ఆమెకు మాట ఎక్కడినుంచి వస్తుంది? విన్నది చెప్పింది. వాడే జాలిపడి బతికున్నాడన్నాడు. ఇప్పుడు కాదంటున్నాడు." నేను తలుపు అవతల కాఫీ పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాను. లోపలికి పోయి పళ్ళెం పెట్టి వచ్చేశాను.

ఇంకో ఏడేళ్ళు ఆ ఇంట్లో ఉన్నాను. మేడమ్ నన్ను ఒక్కనాడు కసరలేదు. పిండి పీట మీద కోబే మళ్ళీ గియ్యలేదు. నేను ఊరికి వచ్చేశాక అంగన్‌వాడీలో పని దొరికింది, మాధవిని చదివించుకున్నాను, మా ఆయనను సాగనంపాను. పిల్లలకు అక్షరాలు దిద్దించేటప్పుడు 'నాకు' అని రాయాల్సి వస్తే ఆ పలక ఇంకో ఆయమ్మకు ఇచ్చేదాన్ని. ఎవరికీ తెలియదు ఎందుకని.

మాధవికి కూడా ఇదంతా చెప్పలేదు. కోబే గురించి చెప్పాను, మేడమ్ గురించి చెప్పాను, భూమి కదిలిన సంగతి చెప్పాను. ఆ ఒక్క మాట చెప్పలేదు. అందుకే పోయిన శుక్రవారం, ఫోన్‌లో ఊరు చూసి, "ఖబూరా ఎంత దూరం మా, రెండు గంటలు కూడా పట్టదు, పోయొద్దాం పా" అని అది లేస్తే, వద్దనడానికి నాకు కారణం దొరకలేదు. దారిలో సువైక్ ఊరు దాటి ఖబూరా చేరాం.

ఇల్లు అక్కడే ఉంది, పైన ఇంకో అంతస్తు లేచింది. సలీం తలుపు తీశాడు. గడ్డం నెరిసింది. నన్ను చూసి ఒక్క క్షణం ఆగి, "రెడ్డెమా!" అని వాళ్ళమ్మను కేకేశాడు. మేడమ్ వసారాలో కుర్చీలో ఉంది. ఎనభై దాటాయి, మనిషి సగమైంది, చెవులు, కళ్ళు మాత్రం బాగున్నాయి. నా మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. మాధవిని పక్కన కూర్చోబెట్టుకుని, మీ అమ్మ కాచిన గంజి లాంటిది మళ్ళీ తాగలేదు అంది. నేను గంజి కాచింది ముసలాయన పోయాక, మేడమ్ జ్వరంతో పడుకున్నప్పుడు.

మాధవి తన ఫోన్ తీసి, "మా అమ్మ పొద్దున మీ ఊరంతా చూపించింది" అని హిందీలో చెప్పింది. మేడమ్ ఆ ఫోన్‌ను కళ్ళ దగ్గరికి తీసుకుని వేళ్ళతో ఊరిని జరుపుకుంటూ పోయింది. నగతాలో ఒకచోట ఆగింది. వెడల్పాటి రోడ్డు, చెట్లు. "మా ఇల్లు ఇక్కడ" అంది. వేలు గోరంత దూరం జరిపింది. "హమాదా ఇల్లు ఇక్కడ." తర్వాత మాధవికి చెప్పసాగింది. ఒకాయన తనకు చెప్పిన అబద్ధం వల్ల నాన్న ఆఖరి చూపుకు పోలేకపోయానని. తర్వాత వసంతకాలంలో తను కోబే పోయినప్పుడు, ఆయన మన్నులో దొరికిన తండ్రి సామాన్లు గుడ్డలో కట్టుకుని తను దిగిన ఇంటి గుమ్మం దగ్గరికి వస్తే తలుపు తియ్యలేదని. ప్రతి కొత్త సంవత్సరానికీ ఆయన కార్డు పంపేవాడని, చదవకుండా తిప్పి పంపేదాన్నని. "పదిహేనేళ్ళు పంపాడు. తర్వాత రాలేదు. పోయాడంట."

నేను అప్పుడు చెప్పేశాను. అరబీ సగం మర్చిపోయాను, వచ్చిన ముక్కల్లోనే చెప్పాను. "మేడమ్, హమాదా అబద్ధం చెప్పలేదు. నకునరి అన్నాడు. నేను విన్నాను. మీరు అడిగినప్పుడు నాకు తెలిసిపోయింది. నేనే ఇకితే అన్నాను."

మాధవి నా చెయ్యి పట్టుకుంది. మేడమ్ నన్ను చూస్తూ ఉంది. కోప్పడుతుందనుకున్నాను, కోప్పడి ఉంటే బాగుండేది. వీధిలో చేపల బండి హారన్ కొట్టుకుంటూ పోయింది. అది దూరమైనాక, చాలా మెల్లగా అడిగింది.

"ఇప్పుడెందుకు చెప్పావు?"

నేను మాధవి ఫోన్‌ను ఆమె ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టాను.

"ముప్పై ఏళ్ళు ఆయన మీద కోపంతో బతికాను" అంది. "అలవాటైపోయింది. ఇప్పుడు నేను ఎవరి తలుపు తట్టాలి?"

దారి పొడుగునా నేను నా బరువు దించుకోవడం గురించే ఆలోచించుకుంటూ వచ్చాను. దించితే అది ఎవరి నెత్తిన పడుతుందో ఒక్కసారీ తలుచుకోలేదు. ఆ రోజు జాలి అనుకుని చెప్పింది అబద్ధం, ఈ రోజు నీతి అనుకుని చెప్పింది నిజం. రెండుసార్లూ దెబ్బ తగిలింది ఆమెకే. మాధవి "మా, పోదాం పా" అని చెవిలో అంది.

సలీం భార్య ఖర్జూరాలు, కాఫీ తెచ్చి పెట్టింది. కోడలు వంచబోతుంటే మేడమ్ ఆపి, కూజా తనే అందుకుంది. చిన్న కప్పులో అడుగున కొంచెం పోసి నాకు ఇచ్చింది. అక్కడ పద్ధతి అదే, కొంచెం కొంచెంగా పోస్తారు. చాలనుకుంటే కప్పును అటూ ఇటూ ఊపి ఇచ్చెయ్యాలి, ఊపేదాకా పోస్తూనే ఉంటారు. తాగి కప్పు ముందుకు చాపాను. మళ్ళీ పోసింది. తాగాను. మళ్ళీ పోసింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. చేదుకు నాలుక మొద్దుబారింది. చాలు అనాలంటే కప్పు కాస్త ఊపితే సరిపోతుంది. ఆమె పోస్తూనే ఉంది, నేను తాగుతూనే ఉన్నాను.